ఒనిజావ గారు ఎవరిని కొట్టారు

ఆ శనివారం ఉదయం మినెగిషి ఫుమియే పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. వంకాయలు ఊరబెట్టాలి, పరుపులు ఎండలో వెయ్యాలి, ఆపైన ఎవరు పిలిచినా పలక్కుండా పడుకోవాలి. వారం వారం పత్రికకు ఇవ్వవలసిన బొమ్మల కథ ముందురోజు సాయంత్రమే పంపించేసింది. వారం మొత్తంలో ఆమెది అనుకోదగ్గ పూట అదొక్కటే. వంకాయలకు ఉప్పు రాస్తూ ఉండగా ఫోను మోగింది.

"గురువుగారూ, ఒక చిన్న సాయం కావాలి," అన్నాడు నియిబొరి. మొదటినుంచీ ఆమె కథకు సంపాదకుడు అతనే. అతని నోట చిన్న సాయం అనే మాట వచ్చినప్పుడల్లా ఆమెకు నాలుగు రోజుల నిద్ర పోయేది.

"చెప్పండి."

"ఇవాళ త్సుబకిగవలో మన సినిమా మొదటి ఆట కదా. హీరోకి జ్వరం. గొంతు పెగలడం లేదు. హాలు చూస్తే నిండిపోయింది, పేపర్ల వాళ్ళు వస్తున్నారు. వేదిక మీద నిలబడ్డానికి పేరున్న మనిషి ఒకరు లేకపోతే పరువు పోతుంది. ఒనిజావ గారిని పంపమని సినిమా వాళ్ళు ప్రాణం తీస్తున్నారు."

ఫుమియే ఉప్పు చేతిని గాలిలోనే ఆపింది. "ఒనిజావ గారిని ఎక్కడినుంచి తెస్తారు?"

"అదే నాకూ అర్థం కావడం లేదు," అన్నాడు నియిబొరి.

ఎందుకంటే ఒనిజావ తెత్సుమ అనే మనిషి లేడు. జపాన్‌లో మాంగా అనే బొమ్మల కథలు చదివేవాళ్ళలో ఆ పేరు తెలియనివాళ్ళు అరుదు. ఇరవై ఆరేళ్ళుగా నడుస్తున్న 'తుప్పు వంతెన' అతను గీసిందే. హైస్కూలు రౌడీ కుర్రాళ్ళ కథ అది. నుదుటి మీద పడవ ముక్కులా లేపిన జుట్టు, బంగారు దారంతో అక్షరాలు కుట్టిన పొడుగు కోటు వేసుకుని తిరిగే రైకిచి దాని నాయకుడు. అది కార్టూను అయింది, టీవీ సీరియల్ అయింది. నాటకం కూడా అయింది. అందులో వాళ్ళు తన్నుకునే ముందు ఒక పాట, తన్నుకున్నాక ఒక పాట పాడతారు. ఇప్పుడిది రెండో సినిమా. ఇదంతా గీసింది మాత్రం యాభై రెండేళ్ళ ఫుమియే, వంటింటి పక్క గదిలో కూర్చుని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని.

మొదట్లో నియిబొరి గట్టిగా చెప్పాడు. రౌడీల కథ మీద ఆడపేరు ఉంటే కుర్రాళ్ళు పుస్తకం తెరవరన్నాడు. ఆ ఒనిజావ పేరు అతనే పెట్టాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. పుస్తకం అట్ట లోపల రచయిత గురించి నాలుగు ముక్కలు కూడా అతనే రాశాడు. పదిహేడో ఏట త్సుబకిగవ పాత రైలు వంతెన మీద ముప్పై మందితో ఒంటరిగా తలపడి గెలిచిన వీరుడు, ఇప్పుడు పిడికిలి విప్పి కుంచె పట్టాడు, అని. త్సుబకిగవ ఫుమియే పుట్టిన ఊరు. ఆ వంతెన మీదుగానే ఆమె రోజూ బడికి వెళ్ళేది. కింద కూర్చుని ఒకే బన్ను నలుగురు పంచుకు తినే పోకిరీ పిల్లల్ని పైనుంచి చూస్తూ నడిచేది. ఎవరినీ కొట్టలేదు. బడిలో ఆమె పూలు అమర్చే క్లబ్బులో ఉండేది.

"మీ ఆయన ఇవాళ ఖాళీయేనా?" అని అడిగాడు నియిబొరి.

ఫుమియే వెనక్కి తిరిగి చూసింది. భర్త హిదెనొబు బల్ల దగ్గర కూర్చుని మిసో సూపు ఊదుకుంటున్నాడు. ఆరడుగుల మనిషి. గొంగళిపురుగుల్లాంటి కనుబొమలు. ఎడమ కనుబొమ మధ్యలో పెద్ద గాటు. అతన్ని చూస్తే రైల్లో పక్క సీటు ఖాళీ అయిపోతుంది. అతను పియానోలు శ్రుతి చేస్తాడు. ఆ గాటు ఒకసారి పియానో మూత మీద పడితే వచ్చింది. పిల్లి బిస్కట్ల ప్రకటన వస్తే కళ్ళు తుడుచుకుంటాడు.

"ఆయన అబద్ధం చెప్పలేరండీ," అంది ఫుమియే.

"చెప్పొద్దు. అసలు మాట్లాడొద్దు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, నిలబడి, ఒక నమస్కారం చేసి వచ్చెయ్యమనండి. ఐదు నిమిషాలు. మీరు ఆయన భార్యగా పక్కనే ఉండండి."

"నేను ఆయన భార్యనే కదండీ."

"చూశారా, సగం నిజమే," అన్నాడు నియిబొరి.

త్సుబకిగవ స్టేషన్లో దిగగానే ఐదు నిమిషాల పథకం పాడైంది. ప్లాట్‌ఫారం మీద పది పన్నెండు మంది మగవాళ్ళు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. అందరికీ యాభై దాటింది. అందరూ కుర్రతనంలో కుట్టించుకున్న పొడుగు కోట్లు వేసుకొచ్చారు. ఏ ఒక్క కోటుకూ బొత్తాం పడలేదు. జుట్టు ఉన్నవాళ్ళు దాన్ని ముందుకు లేపి దువ్వుకున్నారు, లేనివాళ్ళు ఊరుకున్నారు. హిదెనొబు కాలు కింద పెట్టగానే అందరూ నడుం దాకా వంగి, రౌడీలు నమస్కరించే పద్ధతిలో "ఓస్" అని ఒక్క గొంతుతో అరిచారు. హిదెనొబు మళ్ళీ రైలెక్కబోయాడు. ఫుమియే అతని చొక్కా పట్టుకుని ఆపింది.

ముందు నిలబడ్డ లావుపాటి మనిషి తలెత్తాడు. "ఒనిజావ గురువుగారూ, నేను ఇనోమతని. పడమటి టెక్నికల్ స్కూలు. ఇప్పుడు టోఫు కొట్టు నడుపుతున్నాను. ఆ రోజు వంతెన మీద మీ చేతి దెబ్బ తిన్న ముప్పై మందిలో మొదటివాణ్ణి నేనే."

ఫుమియే తమతో వచ్చిన నియిబొరి వంక చూసింది. నియిబొరి ఆకాశం వంక చూశాడు.

"రెండోవాణ్ణి నేను," అన్నాడు పక్కనున్న సన్నటి మనిషి. "షిమొజో అంటారు. ఇదిగో, ఈ పన్ను మీరు రాలగొట్టిందే. ఆ నొప్పి భరించలేక అప్పుడే అనుకున్నాను, పళ్ళ డాక్టర్ని అవ్వాలని. ఇవాళ ఊళ్ళో నాకు రెండు క్లినిక్కులు ఉన్నాయి. అంతా మీ చలవ."

ఇరవై ఆరేళ్ళ క్రితం ఆ అట్ట లోపలి నాలుగు ముక్కలు చదివి, ఈ ఊళ్ళో మగవాళ్ళందరూ ఆ దెబ్బల్లో తమ వాటా తాము తీసుకున్నారు. మొదట ఒకడు టీ తాగుతూ నేనూ అక్కడున్నానన్నాడు. ఇంకొకడు నేనూ ఉన్నానన్నాడు. భార్యలకు చెప్పారు, పిల్లలకు చెప్పారు. చెప్పి చెప్పి వాళ్ళకే జ్ఞాపకం వచ్చేసింది. త్సుబకిగవలో ఒక వయసు మగవాడు తన్నులు తినలేదంటే ఆ రోజు ఊళ్ళో లేడనే అర్థం.

హిదెనొబు ఆ పన్ను ఖాళీని చూశాడు. ఎవరికైనా నొప్పి కలిగిందంటే ఎవరివల్లయినా సరే అతను ముందు క్షమాపణ చెబుతాడు. అది అతని అలవాటు. "అయ్యో, క్షమించండి," అన్నాడు.

ఇనోమత ముక్కు ఎగబీల్చాడు. "విన్నార్రా," అన్నాడు తన వాళ్ళతో. "ముప్పై అయిదేళ్ళ తర్వాత వచ్చి క్షమించమంటున్నాడు. మగాడంటే ఇదిరా." వెనక వరసలో ఇద్దరు ఏడ్చేశారు.

స్టేషన్ బయట ఎవరిదో చిన్న కుక్క మొరిగింది. హిదెనొబుకు కుక్కలంటే చచ్చేంత భయం. ఒక్క అంగలో భార్య వెనక్కి చేరాడు. ఫుమియే కుక్కను "ఊరుకో" అంది. అది ఊరుకుంది.

"చూశావా," అన్నాడు షిమొజో ఇనోమత చెవిలో. "చిన్న జీవి మీద చెయ్యెత్తడు. ఆవిణ్ణి ముందుకు పంపాడు."

భోజనానికి ఈల్ చేపల హోటలుకు తీసుకెళ్ళారు. హిదెనొబు నోరు మెదపకుండా తిన్నాడు. ఎంత మౌనంగా ఉంటే అంత గౌరవం పెరుగుతోంది. ఫుమియేను వాళ్ళు మర్యాదగా బల్ల చివర కూర్చోబెట్టి, టీ కప్పు ఖాళీ అయినప్పుడల్లా నింపుతున్నారు. షిమొజో ఆమె పక్కకు జరిగి, దయగా చెప్పసాగాడు.

"ఆయనతో కాపురం మీకు కష్టంగానే ఉంటుందమ్మా. పెద్ద మనసున్నవాళ్ళు ఇంట్లో మాట్లాడరు. ఆ పుస్తకాలు మీరు చదివారో లేదో, చదివినా ఆడవాళ్ళకి ఎక్కదులెండి. ఇది మగాళ్ళ గుండెకి సంబంధించింది. ఏడో పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. వానలో రైకిచి తన గొడుగు శత్రువు పక్కన పెట్టేసి తడుస్తూ వెళ్ళిపోతాడు. ఒక్క మాట ఉండదు. అది చూసి నేను మా క్లినిక్కు మూసేసి ఇంటికెళ్ళి పడుకున్నాను."

"అది వాళ్ళ నాన్న గొడుగు," అంది ఫుమియే.

"ఎవరి నాన్న?"

"రైకిచి వాళ్ళ నాన్న. ఆయన పోయాక ఇంట్లో మిగిలింది అదొక్కటే. అందుకే ఆ పిడికి తాడు చుట్టి ఉంటుంది."

షిమొజో ఆ బొమ్మను గుర్తుచేసుకున్నాడు. తాడు చుట్టి ఉన్న మాట నిజమే. "అది పుస్తకంలో ఎక్కడా లేదే," అన్నాడు.

"లేదు," అని ఫుమియే టీ తాగింది. ఇరవై ఆరేళ్ళలో తను గీసినదాని గురించి చదివినవాడు ఒకడు ఎదురుగా కూర్చుని మాట్లాడడం ఆమెకు అదే మొదటిసారి. ఇంకా మాట్లాడాలనిపించింది. బొమ్మలు ముగిశాక ఆమె చూసేది నియిబొరి ముఖం ఒక్కటే. అతను పేజీలు లెక్కపెట్టుకుని వెళ్ళిపోతాడు.

ఇంతలో ఇనోమత తెల్లటి అట్టముక్క, కుంచె తెచ్చి హిదెనొబు ముందు పెట్టాడు. "గురువుగారూ, మా టోఫు కొట్టులో పెట్టుకోడానికి రైకిచి బొమ్మ ఒక్కటి. నా మనవళ్ళ దాకా నిలిచిపోతుంది."

హిదెనొబు గీయగలిగింది ఒక్క చేప. అది కూడా ఎటు తల, ఎటు తోక అన్నది చెప్పవలసి వచ్చేది. అతను భార్య వంక చూశాడు. "ఆయన చెయ్యి బాగాలేదండీ," అంది ఫుమియే గబగబా. అది నిజమే. బొటనవేలికి కట్టు ఉంది.

"అరె, ఏమైంది?"

"నిన్న పనిలో ఉండగా కాస్త గట్టిగా కొట్టాను. తప్పు నాదే," అన్నాడు హిదెనొబు. ముందురోజు ఒక పాత పియానో బిగుసుకుపోతే సుత్తితో కొట్టబోయి వేలిమీద కొట్టుకున్నాడు. ఆ ముక్క కూడా చెప్పేవాడే. బల్ల కింద నియిబొరి అతని కాలు తొక్కాడు.

బల్ల చుట్టూ చూపులు చూపులతో కలిశాయి. "నిన్న," అన్నాడు ఇనోమత మెల్లగా. "ఈ వయసులో." ఎవరికీ చెప్పకండని అందరికీ చెప్పి, తను బయటికి వెళ్ళి ఫోను తీశాడు.

హాలుకు నడిచి వెళ్ళేసరికి కథ వాళ్ళకంటే ముందు చేరింది. ఒనిజావ గారిమీద నిన్న ఎవరో మాటు వేశారట. హోటలు దగ్గర ఇద్దరన్నారు. బ్యాంకు మలుపులో ఆరుగురన్నారు. హాలు మెట్ల దగ్గర, నిన్న అసలు ఎవరూ బతికి బయటపడలేదన్నారు. పత్రికల వాళ్ళు కెమెరాలు ఎత్తారు. వాళ్ళ ముందు కుసకారి అనే పెద్దవయసు పోలీసు టోపీ సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆ ఊళ్ళో అతను పట్టుకున్నది ఎక్కువగా తప్పిపోయిన సైకిళ్ళనే.

"గురువుగారూ, నేనూ మీ పుస్తకాలు చదివినవాణ్ణే," అన్నాడు అతను ఇబ్బందిగా. "కానీ ఉద్యోగం ఉద్యోగమే. నిన్న మీరు కొట్టిన మాట నిజమేనా?"

నియిబొరి అడ్డం వచ్చేలోగా హిదెనొబు తల ఊపాడు. పోలీసులతో అబద్ధం చెప్పకూడదని అతనికి వాళ్ళమ్మ చెప్పింది.

"ఎవరిని కొట్టారు?"

"పియానోని."

కుసకారి ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకున్నాడు. "పియానో అంటే మారుపేరా? ఏ ఊరివాడు?"

"నాకు తెలుసు వాడు," అన్నాడు వెనకనుంచి ఇనోమత. "సైతమా వైపు వాడు. అప్పట్లో పెద్ద ముఠా ఉండేది."

"వాడి పళ్ళు చూశాను నేను," అన్నాడు షిమొజో వెంటనే. "ఒకటి తెలుపు, ఒకటి నలుపు. అందుకే ఆ పేరు."

"ఎలా ఉన్నాడు ఇప్పుడు?" అని అడిగాడు కుసకారి హిదెనొబును, నిజమైన ఆందోళనతో.

"లోపల చాలా తీగలు తెగిపోయాయండీ," అన్నాడు హిదెనొబు దిగులుగా. "ఇంక శబ్దం రాదు. ఇంటివాళ్ళని పారెయ్యమన్నాను."

కుసకారి ముఖం పాలిపోయింది. పెద్ద స్టేషనుకు ఫోను చెయ్యడానికి పక్కకు వెళ్ళాడు.

తెర వెనక గదిలో సినిమా నిర్మాణం చూసే ఉబుకత అనే ఆవిడ నిలబడలేక కుర్చీలో కూలబడి ఉంది. రెండేళ్ళుగా ఆ సినిమా తప్ప ఆవిడకు వేరే బతుకు లేదు. "కంపెనీ పెద్దలు ఫోనులో ఉన్నారు," అంది. "రచయిత మనిషిని కొట్టాడని, ఆ మనిషి ఏమయ్యాడో తెలీదని తేలితే సినిమా ఇవాళే ఆపేస్తామంటున్నారు. విడుదల ఉండదు. కార్టూను కూడా టీవీలో తీసేస్తారట. పుస్తకాలు కొట్లలోంచి వెనక్కి పిలుస్తారట."

"అది వాయించే పియానో అండీ," అన్నాడు నియిబొరి.

"ఒనిజావ తెత్సుమకి పియానోతో ఏం పని?"

ఈ ప్రశ్నకు జవాబు చెబితే ఇరవై ఆరేళ్ళ వెనక నుంచి చెప్పుకు రావాలి. పోలీసుల విచారణ పెద్దదా, ఆ నిజం పెద్దదా అన్నది నియిబొరి తూచుకుంటున్నాడు. ఆ తూకం అతని ముఖంలో కనబడుతోంది. హిదెనొబు నల్లకళ్ళద్దాలు తీసి, భార్య వంక చిన్నపిల్లాడిలా చూశాడు. "ఫుమియే, నేను ఏమైనా తప్పు మాట్లాడానా?"

"లేదండీ. మీరు మాట్లాడినవన్నీ నిజాలే."

ఆమె తెర సందులోంచి హాల్లోకి తొంగి చూసింది. పొడుగు కోట్లు వేసుకున్న కాలేజీ అమ్మాయిలున్నారు. మెడలో రైకిచి ముఖం ఉన్న తువ్వాలు వేసుకున్న ముసలావిడ ఉంది. ఏడో పుస్తకాన్ని గుండెకు హత్తుకు కూర్చున్న బట్టతలాయన ఉన్నాడు. వీళ్ళందరి చేతుల్లోనూ ఉన్నది తన వేళ్ళనొప్పులు, తన మెడనొప్పి, తను ఎండలో వెయ్యని పరుపులు. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఇదంతా ఇవాళ ఒక పాత పియానో కోసం పోగొట్టుకోవాలా అనుకుంది. కోపం వచ్చింది. తను గీసిన కుర్రాళ్ళకు వారం వారం వచ్చే కోపం అది. తనకు రావడం ఇదే మొదలు.

"అమ్మా, ఎక్కడికి?" అన్నాడు నియిబొరి. కంగారులో గురువుగారూ అనడం కూడా మరిచిపోయాడు. ఆమె అప్పటికే వేదిక మీద ఉంది.

మైకు ఆమె ఎత్తుకు చాలా పైన ఉంది. దాన్ని కిందికి దించడానికి కొంత సేపు పట్టింది. హాల్లో అందరూ ఆమెను ఏర్పాట్లు చూసే మనిషి అనుకుని ఓపిగ్గా చూశారు.

"నమస్కారం. ఒనిజావ తెత్సుమని నేనే," అంది ఫుమియే.

ఎవరో మర్యాదగా నవ్వారు. అది మొదటి జోకు అనుకున్నారు. "ఈ పుస్తకం మొదటినుంచీ గీస్తున్నది నేను. లోపలున్నాయన మా ఆయన. పియానోలు శ్రుతి చేస్తారు. నిన్న సుత్తితో వేలిమీద కొట్టుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు." నవ్వు ఆగిపోయింది. గుసగుస మొదలైంది. వెనకనుంచి ఎవడో "దిగమ్మా, గురువుగారిని రమ్మను," అని కేకేశాడు.

వేదిక మీద సినిమా పేరు రాసి ఉన్న తెల్లటి పెద్ద పలక ఒకటి ఉంది. హీరో దానిమీద సంతకం చెయ్యాలని పక్కన లావుపాటి కుంచె, సిరా పెట్టారు. ఫుమియే కుంచె ముంచి పలక దగ్గరకు నడిచింది. మొదటి గీత నుదురు. రెండోది ఆ పడవ ముక్కు జుట్టు. ఒకే ఊపున లేచి, చివర కాస్త వంగింది. ఆ వంపు అనుకరించబోయి దేశంలో కుర్రాళ్ళు ఎన్ని పుస్తకాల వెనక అట్టలు పాడుచేశారో లెక్కలేదు. కళ్ళు పడ్డాయి. దవడ పడింది. వాన పడింది. భుజం మీద గొడుగు లేదు. అది పక్కన నేలమీద తెరిచి ఉంది, పిడికి తాడు చుట్టి ఉంది. ఆమె కుంచె పక్కన పెట్టింది.

"గొడుగు," అన్నాడు షిమొజో మూడో వరసలోంచి, నిద్రలో మాట్లాడినట్టు. "వాళ్ళ నాన్న గొడుగు."

చప్పట్లు ఒక మూల మొదలై హాలంతా పాకాయి. ఫుమియే చెయ్యెత్తి ఆపింది. మొదలుపెట్టాక సగంలో వదిలే అలవాటు ఆమెకు లేదు. "ఇంకొక మాట. వంతెన మీద పోట్లాట కూడా జరగలేదు. అది అట్ట మీద అందంగా ఉంటుందని రాసింది. నేను జన్మలో ఎవరినీ కొట్టలేదు. నేను పూల క్లబ్బులో ఉండేదాన్ని."

ఈసారి ఎవరూ ఆమె వంక చూడలేదు. హాలు హాలంతా మెల్లగా మూడో వరస వైపు తిరిగింది. అక్కడ పది పన్నెండు పొడుగు కోట్లు కదలకుండా కూర్చుని ఉన్నాయి. వాళ్ళ వెనకే వాళ్ళ భార్యలు ఉన్నారు. ఇనోమత భార్య భర్త మెడ వెనక భాగాన్ని తదేకంగా చూస్తోంది. పెళ్ళినాటి నుంచి, నడుంనొప్పి వచ్చిన ప్రతిసారీ అది వంతెన మీద తిన్న దెబ్బేనని అతను మంచం దిగేవాడు కాదు.

ఇనోమత లేచాడు. తొందరపడలేదు. కోటు సర్దుకున్నాడు, వేదిక ముందుకు నడిచాడు, తల పైకెత్తాడు.

"అక్కయ్యా," అన్నాడు. గొంతు హాలు చివరిదాకా వినబడింది. "చాలు. ఇంక మా కోసం దాచకండి."

"ఏమిటండీ దాచేది?"

"ముప్పై అయిదేళ్ళ క్రితం ఆ వంతెన మీద మమ్మల్ని కొట్టింది మీరేనని మాకు మొదటినుంచీ తెలుసు. ముప్పై మందిని ఒక ఆడపిల్ల కొట్టిందని బయటపడితే మేం తలెత్తుకోలేం. అందుకని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాం. మీరు మగపేరు పెట్టుకుని మా పరువు కాపాడారు. ఇవాళ కూడా, ఇంతమంది ముందు, అసలు పోట్లాటే లేదని చెప్పి కాపాడుతున్నారు. ఇంత మంచితనం మేం మొయ్యలేం అక్కయ్యా."

"అవును," అన్నాడు షిమొజో లేచి, పెదవి ఎత్తి పన్ను ఖాళీని హాలుకంతా చూపిస్తూ. "ఈ పన్ను ఈ తల్లి చేతిదే. స్టేషన్లో కుక్కని ఒక్క మాటతో కూర్చోబెట్టినప్పుడే గుర్తుపట్టాను."

మిగతా కోట్లన్నీ లేచాయి. ఒక్కసారి వంగాయి. "ఓస్" అన్న కేకకు పలక మీది తడి సిరా ఒక చుక్క జారింది. ఇనోమత భార్య రుమాలు తీసి కళ్ళకు అద్దుకుంది. "అంత దెబ్బ తిని ఆడదాని పేరు బయటపెట్టకుండా నోరు మూసుకు కూర్చున్నావా," అంది గర్వంగా. హాలు లేచి నిలబడింది.

"అబ్బే, నిజంగానే నేను ఎవరినీ..." అంది ఫుమియే మైకులో.

ఆ వినయానికి రెట్టింపు చప్పట్లు పడ్డాయి.

పక్క గుమ్మంలోంచి కుసకారి వచ్చి సెల్యూట్ చేశాడు. ముప్పై అయిదేళ్ళు దాటిన దెబ్బలాటకు కేసు ఉండదనీ, పియానో అంటే పియానోయేనని పెద్ద స్టేషనుకు చెప్పేశాననీ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆ రోజు వంతెన దగ్గర తనూ ఉన్నానని చెప్పాడు. ఉబుకత ఫోనులో కంపెనీ పెద్దలకు ఆ చప్పట్లు వినిపించింది. సినిమా వేశారు. ఆట ముగిశాక కూడా జనం కదల్లేదు. వాళ్ళు చూస్తున్నది తెరను కాదు, దాని పక్కనున్న పలకను.

ఫుమియే బల్ల ముందు కూర్చుంది. వరస హాలు దాటి, మెట్లు దిగి, వీధి మలుపు తిరిగింది. సంతకం పెట్టించుకున్న ప్రతివాళ్ళూ ఒక మాట చెప్పారు. ఒకమ్మాయి బడి మానేద్దామనుకున్న సంవత్సరం ఈ పుస్తకం చదివి మానలేదంది. తువ్వాలు ముసలావిడ, రైకిచికి ఒక మంచి సంబంధం చూడమని అడిగింది. ఒక పెద్దమనిషి మాత్రం చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళాడు. ఆమె ప్రతి ముఖాన్నీ నింపాదిగా చూసింది. నియిబొరి రెండుసార్లు వచ్చి రైలు టైమైందన్నాడు. ఆమె రెండుసార్లూ వినబడనట్టే ఊరుకుంది. హిదెనొబు పక్కన కూర్చుని సిరా ఆరేదాకా ఒక్కొక్క పుస్తకాన్నీ ఊదుతున్నాడు. అతని ముఖం వెలిగిపోతోంది. ఇంక ఎవరూ అతన్ని చూసి భయపడడం లేదు. అందరూ జాలిపడుతున్నారు.

చివరగా ఇనోమత వచ్చాడు, చేతిలో తడిగుడ్డ చుట్టిన టోఫు. బల్ల మీద పెట్టి అటూ ఇటూ చూశాడు.

"ఇనోమత గారూ, నన్ను ఆదుకున్నారు," అంది ఫుమియే మెల్లగా. "ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి అడుగుతున్నాను. అక్కడ ఏమీ జరగలేదని మీకు తెలుసు కదా?"

ఇనోమత ముఖంలో నొచ్చుకున్న ఛాయ కనబడింది. "ఎందుకు జరగలేదు అక్కయ్యా? నాకు బాగా గుర్తుంది. మీరు ఎడమచేత్తో కొట్టారు."

మర్నాడు పేపర్లలో మొదటి పేజీలో ఆమె బొమ్మ వచ్చింది, కుంచె పట్టుకుని, కింద వంగిన కోట్లతో సహా. వారం తిరక్కుండా పుస్తకాలన్నీ మళ్ళీ అచ్చుకు వెళ్ళాయి. కొత్త అట్టల మీద ఒనిజావ తెత్సుమ పక్కన మినెగిషి ఫుమియే అని కూడా వేస్తున్నారు, అదే లావు అక్షరాల్లో. రచయిత గురించి ఏం రాయాలో నియిబొరి అడిగితే, ఆమె తనే రాసుకుంటానంది.

మంగళవారం ఆమె చెత్త సంచులతో గుమ్మం దాటేసరికి వీధి సంఘం అధ్యక్షుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఎవరి సంచిలో ఏముందో తడిమి చూసి, చెత్తను రకానికో సంచిగా విడదీయకపోతే గుమ్మం ముందుకు తిరిగి తెచ్చి పడేసే మనిషి అతను. ఆ రోజు రెండు చేతులూ చాచి ఆమె సంచులు అందుకున్నాడు.

"మీరు మొయ్యడమేమిటండీ, ఇలా ఇవ్వండి," అన్నాడు.

"చూడండి, హడావిడిలో సీసాలూ డబ్బాలూ కలిసిపోయాయేమో."

"కలిస్తే కలిశాయి లెండి," అన్నాడు అతను, ఒక అడుగు వెనక్కి వేసి.

ఆ వీధిలో సీసాలనూ డబ్బాలనూ కలిపి పారేసే హక్కు నేటికీ ఆమె ఒక్కదానికే ఉంది.